ఎన్ని తెరచాపలు, ఏయే కొలతలు?

విండ్‌సర్ఫింగ్ (తెరచాప కట్టిన బోర్డు మీద నిలబడి గాలితో నీటి మీద సాగే ఆట) గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం తెరచాపల కొలతలకు సంబంధించినవే కావడంతో, ఈసారి వాటికే చోటు కేటాయించాము. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాము.

ప్రశ్న: నా బరువు 75 కిలోలు. అరువు సామగ్రితో నేర్చుకుని, ఇప్పుడు హార్నెస్సు (తెరచాప లాగుడును ఒంటి బరువుతో మోయడానికి కట్టుకునే పట్టీ) కట్టుకుని ప్లేనింగ్ (బోర్డు పైకి లేచి నీటి మీద జారుతూ పోవడం) చేయగలిగే స్థాయికి వచ్చాను. సొంతంగా కొనుక్కుందామంటే, 3.5 నుంచి 8.5 చదరపు మీటర్ల దాకా ఐదారు తెరచాపలు ఉంటే తప్ప లాభం లేదని కొందరు, 6.0 ఒక్కటి చాలునని మరికొందరు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా కాసేపు పక్కన పెట్టి, మీరు వెళ్లే నీటి మీద గాలి ఎలా వీస్తుందో ముందు చూడండి. చాలామంది తెరచాపల వరుసను ఒక కొస నుంచి కట్టుకుంటూ వస్తారు. ఎప్పుడో వచ్చే పెనుగాలికి ఒకటి, అసలు కదలని గాలికి ఒకటి కొని, తీరా రోజూ వాడవలసిన కొలతకు వచ్చేసరికి దొరికినదానితో సరిపెట్టుకుంటారు. అలా కాకుండా, మీరు నీటిలోకి దిగే రోజుల్లో ఎక్కువ రోజులు వీచే గాలికి సరిపోయే తెరచాప ఏదో మొదట తేల్చుకుని, అది వరుసకు మధ్యలో ఉండేటట్టు మిగతావాటిని దానికి అటూ ఇటూ అమర్చుకోవాలి. గాలిని చూడమన్నాను గనుక ఇంకొక్క మాట కూడా చెప్పాలి. మీకు తీరిక దొరికే వేళల్లో వీచిన గాలినే లెక్కలోకి తీసుకోండి. మీరు ఆఫీసులో కూర్చున్నప్పుడు వీచిన 25 నాట్‌ల గాలి ఎంత గొప్పదైనా మీ తెరచాపను నింపదు.

గాలి తెలిశాక కొలత కట్టడానికి ఒక మోటు లెక్క ఉంది. మీ బరువును కిలోల్లో తీసుకుని 1.4తో గుణించి, వచ్చినదాన్ని నాట్‌లలో ఉన్న గాలి వేగంతో భాగిస్తే, ఆ గాలిలో హాయిగా ప్లేనింగ్ చేయడానికి కావలసిన వైశాల్యం చదరపు మీటర్లలో సుమారుగా వస్తుంది. మీ విషయంలో 75ను 1.4తో గుణిస్తే 105. దాన్ని 15 నాట్‌లతో, అంటే గంటకు సుమారు 28 కిలోమీటర్ల గాలితో భాగిస్తే 7.0, 17.5 నాట్‌లతో భాగిస్తే 6.0; 21 నాట్‌లకు 5.0, 25 నాట్‌లకు 4.2. ఇది అనుభవం మీద కుదిరిన అంచనాయే గాని శాస్త్ర నియమం కాదు. కొత్తగా ప్లేనింగ్ పట్టుబడినవారికి అర చదరపు మీటరు ఎక్కువ కావలసి వస్తుంది. తెరచాపను చేతులతో బలంగా ఊపి బోర్డును లేపడం తెలిసినవారు అర మీటరు తక్కువతోనే వెళ్లిపోతారు. వెడల్పైన బోర్డు తక్కువ గాలికే లేస్తుంది, ఇరుకైనది లేవదు. ఒక తెరచాప ఒక్క గాలి వేగానికే పరిమితమనుకోవడం కూడా పొరపాటే. చక్కగా బిగించిన 6.0 మీ బరువున్న మనిషిని 15 నాట్‌ల దగ్గర నుంచి ఇంచుమించు 22 నాట్‌ల దాకా మోయగలదు. మొదటి కొసలో కొంచెం శ్రమ, చివరి కొసలో కొంచెం భయం, మధ్యలో సుఖం.

మీ చోట ఎక్కువగా 15 నుంచి 20 నాట్‌ల గాలి ఉంటే, 6.0తో మొదలుపెట్టి ఒక సీజను పూర్తిగా దానితోనే గడపండి. ఆ సీజనులో మీరు ఎన్నిసార్లు బోర్డు లేవక నీటి మీద నిలబడిపోయారో, ఎన్నిసార్లు తెరచాపను పట్టుకోలేక ఒడ్డుకు వచ్చేశారో మీకే తెలుస్తుంది. మొదటిది ఎక్కువైతే రెండో తెరచాపగా 7.5, రెండోది ఎక్కువైతే 4.8 తీసుకోండి. చివరికి 4.8, 6.0, 7.5 అనే మూడు చేరితే మీ బరువుకు దాదాపు 13 నుంచి 25 నాట్‌ల దాకా గాలి మీ అదుపులోకి వచ్చినట్టే.

ఇక 3.5, 8.5 సంగతి. మీ బరువుకు 3.5 అంటే 30 నాట్‌ల గాలి, 8.5 అంటే 12 నాట్‌లకు కొద్దిగా పైన. ముప్ఫై నాట్‌ల గాలిలో మామూలుగా వాడే, 115 లీటర్ల ఘనపరిమాణమున్న బోర్డు అలల మీద ఎగిరెగిరి పడుతుంది కాబట్టి, ఆ చిన్న తెరచాపతో పాటు చిన్న బోర్డు కూడా కొనవలసి వస్తుంది. అలాగే 8.5కు 80 సెంటీమీటర్లకు అటూ ఇటూ వెడల్పున్న బోర్డు, 490 సెంటీమీటర్ల మాస్టు (తెరచాపను నిలబెట్టే స్తంభం), పొడవాటి బూము (చేతులతో పట్టుకునే అడ్డకర్ర), పెద్ద ఫిన్ను (బోర్డు అడుగున నిలువుగా ఉండే పలక) కావాలి. వరుస కొసల్లో ఉండే తెరచాపలు ఒంటరిగా రావు. మధ్యలో ఉండేవాటికి ఆ బాధ లేదు. ఒకే బోర్డు, రెండు మూడు మాస్టులు, ఒక బూముతో గడిచిపోతుంది. అందుకే ఐదారు కొనమన్నవారి సలహా మీకు ఇప్పుడు పనికిరాదు. ఒక్కటి చాలునన్నవారు మొదటి సీజనుకు మాత్రం సరిగ్గానే చెప్పారు.

ప్రశ్న: నా దగ్గర 4.0, 5.0, 6.0, 7.0, 8.0 తెరచాపలు ఉన్నాయి. ఒక్కొక్క మీటరు ఎడంతో క్రమంగా కొన్నాను. అయినా గాలి గట్టిగా ఉన్న రోజున ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అనిపిస్తుంది. గాలి తక్కువ ఉన్న రోజున 7.0 బిగించినా 8.0 బిగించినా పెద్ద తేడా తెలియడం లేదు. లోపం నాలో ఉందా, తెరచాపల్లో ఉందా?

జవాబు: రెండింటిలోనూ లేదు, ఎడంలో ఉంది. మీటరు తేడా అన్ని చోట్లా ఒకే తేడా కాదు. నాలుగు మీద ఒకటి పెరిగితే నూటికి 25 వంతులు పెరిగినట్టు. ఏడు మీద అదే ఒకటి పెరిగితే నూటికి 14 వంతులే. మీ బరువు 75 కిలోలనుకుని పై లెక్క వేసి చూడండి. 8.0కు తగిన గాలి 13 నాట్‌లు, 7.0కు 15, 6.0కు 17.5, 5.0కు 21, 4.0కు 26. అంటే 8.0కు 7.0కు మధ్య ఎడం రెండు నాట్‌లే కాగా, 5.0కు 4.0కు మధ్య ఐదు నాట్‌లు. తీరం మీద ఒకే గంటలో గాలి రెండు నాట్‌లు అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది గనుక, ఆ రెండు పెద్ద తెరచాపల్లో ఒకటి మీకు భారమే. మీకు తేడా తెలియకపోవడంలో వింత లేదు.

కాబట్టి కొలతలను కూడికతో కాక గుణకారంతో పేర్చుకోవాలి. ప్రతి తెరచాపా దాని కింది కొలతకు 1.2 నుంచి 1.25 రెట్లు ఉండేటట్టు చూసుకుంటే, ఒకదాని సుఖం తీరేచోట మరొకదాని సుఖం మొదలవుతుంది. మీకున్న కొసలు 4.0, 8.0లే ఉంచుకుంటే మధ్యలో 5.0, 6.3 అనే రెండు చాలు. అప్పుడు ఒక్కొక్కటీ కిందిదానికంటే సుమారు పావు వంతు పెద్దదవుతుంది, ఒక తెరచాప తగ్గుతుంది. కొత్తగా ఏమీ కొనదలచుకోకపోతే 7.0ను అమ్మేసి 4.0, 5.0, 6.0, 8.0తో గడపవచ్చు. ఆరుకు ఎనిమిదికి మధ్య ఎడం కొంచెం పెద్దదే గాని, ఆ గాలుల్లో నీరు నున్నగా ఉంటుంది, తెరచాపను బిగించి వదిలి సర్దుకునే వీలుంటుంది, పొరపాటు జరిగినా నీటిలో మెల్లగానే పడతారు.

పైకొసలో, అంటే పెనుగాలిలో, ఈ ఉదారత పనికిరాదు. తెరచాప మీద పడే బలం గాలి వేగంతో సమానంగా పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. గాలి 18 నాట్‌ల నుంచి 24కు విసిరితే వేగం మూడో వంతు పెరిగినట్టు కనిపిస్తుంది. తెరచాప మీద బలం మాత్రం ఇంచుమించు 1.8 రెట్లవుతుంది. అలల మీద ఆడేవారు 4.2, 4.7, 5.3 అంటూ అర మీటరు ఎడంతో తెరచాపలు ఉంచుకోవడం ఇందుకే. అల మీద తిరిగేటప్పుడు తెరచాప చేతిలో తేలికగా ఉండాలి. బలం ఎక్కువైనా తక్కువైనా అల దాటిపోతుంది. నున్నటి నీటి మీద ముందుకూ వెనక్కూ పరుగు తీసేవారికి అంత సన్నటి ఎడాలు అక్కర్లేదు.

ఇది చదివి, బలం వర్గంతో పెరిగేటప్పుడు తెరచాప కూడా వర్గంతోనే తగ్గాలి కదా అని లెక్కల మనిషి ఒకరైనా అడుగుతారు. ఆ లెక్కన 15 నాట్‌లకు 7.0 వాడే మనిషి 20 నాట్‌లకు 3.9తో వెళ్లాలి, నిజానికి 5.2తో హాయిగా వెళతాడు. గాలి పెరిగేకొద్దీ మనిషి హార్నెస్సులో బరువంతా వేసి బయటికి వాలి నిలబడతాడు, తెరచాపను బల్లపరుపుగా బిగిస్తాడు, పై భాగం మెలితిరిగి అదనపు గాలిని వదిలేస్తుంది. పైగా అలలు రేగిన నీటిని దాటడానికి అదనపు బలం కావాలి. ఇవన్నీ కలిసి వర్గపు లెక్కను మెత్తబరుస్తాయి.

ప్రశ్న: నా బరువు 55 కిలోలు, మావారిది 88. ఇద్దరమూ ఒకేసారి నీటిలోకి దిగుతాము. ఇద్దరికీ కలిపి ఒకే వరుస తెరచాపలు కొంటే కుదురుతుందా, వేరువేరుగా కొనాలా?

జవాబు: మీ బరువుల్లో ఉన్న తేడాయే మీకు కలిసివచ్చింది. ఇద్దరూ ఒకే బరువుంటే ఒకే తెరచాప కోసం పోటీ పడవలసి వచ్చేది. 17 నాట్‌ల గాలిలో మీకు 4.5, మీవారికి 7.2 కావాలి. వీటి మధ్య 5.7 చేర్చుకుంటే ఎడాలు 1.27 రెట్ల దగ్గర చక్కగా కుదురుతాయి. గాలి 13.5 నాట్‌లకు తగ్గితే 5.7 మీ చేతికి వస్తుంది, 21.5కు పెరిగితే అదే 5.7 ఆయన చేతికి వెళుతుంది. గాలి అటూ ఇటూ మారినప్పుడు మధ్య తెరచాప ఖాళీగా ఉండదు.

చిక్కు కొసల్లోనే వస్తుంది. 21.5 నాట్‌ల గాలిలో ఆయన 5.7 తీసుకున్నప్పుడు మీకు 3.6 దగ్గర ఏదైనా కావాలి; 13.5లో మీరు 5.7 తీసుకున్నప్పుడు ఆయనకు 9.0 కావాలి. రెండింటిలో ఒకటే కొనగలిగితే 3.7 కొనండి. చిన్న తెరచాప తేలిక, చిన్న మాస్టు మీద సరిపోతుంది, గాలి పెరిగినప్పుడు మిమ్మల్ని ఒడ్డున కూర్చోబెట్టదు. 9.0 మాత్రం తనకంటూ పెద్ద బోర్డునూ పొడవాటి మాస్టునూ అడుగుతుంది.

తెరచాపలు ఉమ్మడిగా ఉన్నా ఇద్దరూ ఒకేసారి దిగుతారు గనుక బూములు రెండు, మాస్టు అడుగుభాగాలు రెండు కావాలి. బోర్డులు వేరుగానే ఉండాలి. ఆయన నిలబడే 135 లీటర్ల బోర్డు మీద మీరు 4.5 పట్టుకుని నిలబడితే, గట్టిగాలిలో బోర్డు ముక్కు పైకి లేచి మీ మాట వినదు. ఇంకో సంగతి: పై లెక్క మనిషి బరువును మాత్రమే చూస్తుంది, బోర్డు బరువునూ తెరచాప సామగ్రి బరువునూ చూడదు. తేలికపాటి మనిషికి ఆ బరువులు తన బరువుతో పోలిస్తే ఎక్కువ కాబట్టి, లెక్కలో వచ్చినదానికంటే ఒక పిసరు పెద్దదే మీకు నప్పవచ్చు.

ప్రశ్న: వాడిన 7.0 తెరచాప ఒకటి దొరికితే కొన్నాను. నా దగ్గరున్న 430 మాస్టుకే పొడిగింపు గొట్టం పెట్టి బిగిస్తున్నాను. ఎంత లాగినా నిలువునా ముడతలు పోవడం లేదు, గాలి విసిరితే తెరచాప చేతిలో కొట్టుకుంటోంది. తెరచాప పాడైనదా?

జవాబు: పాడైనదని అప్పుడే అనుకోవద్దు. తెరచాప అడుగున, మాస్టు వైపు, ఒక చిన్న పట్టీ మీద నాలుగు అంకెలు అచ్చువేసి ఉంటాయి: వైశాల్యం, ముందు అంచు పొడవు, బూము పొడవు, ఏ మాస్టు వాడాలన్నది. కొనేటప్పుడు మొదటి అంకెను చూసి మిగతా మూడింటిని వదిలేయడం వల్లే సగం తిప్పలు వస్తాయి. 7.0 తెరచాపల్లో ముందు అంచు సాధారణంగా 470 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది, మాస్టు 460 అని రాసి ఉంటుంది. ముందు అంచు 474 అనుకుంటే 460 మాస్టుకు 14 సెంటీమీటర్ల పొడిగింపు సరిపోతుంది. మీ 430కి 44 సెంటీమీటర్లు కావాలి. అంత పొడిగింపు వేస్తే మాస్టు వంగవలసినచోట వంగదు, అక్కర్లేనిచోట వంగుతుంది.

పొడవుతో పాటు బిగువు కూడా మారుతుంది. మాస్టుల బిగువును ఐఎంసీఎస్ అనే కొలమానంలో చెబుతారు. 400 మాస్టుకు 19, 430కి 21, 460కి 25, 490కి 29 మామూలు అంకెలు. 25 బిగువు కోసం కుట్టిన తెరచాపకు 21 మాస్టు పెడితే, గాలి విసిరినప్పుడు మాస్టు అతిగా వంగి తెరచాప కడుపు వెనక్కు జరుగుతుంది, ఆ లాగుడంతా మీ వెనక చేతి మీద పడుతుంది. దీనికి తోడు ఒక్కొక్క తయారీదారు మాస్టు ఒక్కో రకంగా వంగుతుంది. కొన్నింటికి కొస గట్టిగా, కొన్నింటికి మెత్తగా ఉంటుంది. సన్న మాస్టు, లావు మాస్టు అనే తేడా ఉండనే ఉంది. కాబట్టి తెరచాప ఏ తయారీదారుదో ఆ మాస్టు, లేదా అదే రకంగా వంగే మాస్టు, ఒకసారి అరువు తెచ్చి బిగించి చూశాకే తెరచాప మంచిచెడ్డలు తేల్చండి.

సరైన మాస్టు దొరికాక, డౌన్‌హాల్ తాడును (తెరచాపను మాస్టు వెంబడి కిందికి లాగి బిగించే తాడును) లాగేటప్పుడు తెరచాప వెనక అంచును చూడండి. నేల మీద పరిచి లాగుతుంటే, పై రెండు మూడు బ్యాటెన్‌ల (తెరచాపలో అడ్డంగా ఉండే బద్దల) మధ్య వెనక అంచు వదులై అలలలాగా మడత పడడం మొదలవుతుంది. తక్కువ గాలికి ఆ వదులు అంచు దగ్గరే ఆగాలి. గట్టిగాలికి లోపలికి, బ్యాటెన్ పొడవులో ఇంచుమించు సగం దాకా రావాలి. చాలా తెరచాపల మీద ఎక్కడిదాకా రావాలో గుర్తు కూడా అచ్చువేసి ఉంటుంది. ఇక్కడ ఒకటి రెండు సెంటీమీటర్ల తాడు ఎంత మార్పు తెస్తుందో ఒకసారి రెండు రకాలుగా బిగించి, ఒకే గాలిలో, ఒకదాని వెంట ఒకటి వాడి చూస్తే తెలుస్తుంది. డౌన్‌హాల్ చాలక కొట్టుకునే తెరచాపను చూసి, ఇది నాకు పెద్దదైపోయింది అనుకుని చిన్నది కొనుక్కున్నవారు ఎందరో ఉన్నారు. కొత్త కొలత కొనేముందు ఉన్న కొలతను పూర్తిగా బిగించడం నేర్చుకుంటే వరుసలో ఒక తెరచాప తగ్గుతుంది.

మాస్టుల విషయం వరుసను నిర్ణయించేటప్పుడే చూసుకోవాలి. స్థూలంగా 400 మాస్టు మీద 4.2 నుంచి 5.3 దాకా, 430 మీద 5.3 నుంచి 6.5 దాకా, 460 మీద 6.5 నుంచి 8.0 దాకా నడుస్తాయి. ఒక అర మీటరు అటూ ఇటూ జరిపితే ఒక మాస్టు మిగులుతుందనుకుంటే ఆ జరుపు మంచిదే.

ప్రశ్న: నా బోర్డు 95 లీటర్లు, 60 సెంటీమీటర్ల వెడల్పు. తక్కువ గాలిలో వెళ్లడానికి 8.0 తెరచాప కొనుక్కోవచ్చా?

జవాబు: వద్దు. ఆ బోర్డు సుమారు 6.5 దాకా మోస్తుంది. 8.0 బరువు ఇరుకైన బోర్డు వెనక భాగాన్ని ముంచుతుంది, దాని లాగుడును నిలువరించేంత ఫిన్ను ఆ బోర్డుకు నప్పదు. తక్కువ గాలి కావాలంటే ముందు వెడల్పైన బోర్డు, ఆ తరువాత తెరచాప.

ప్రశ్న: ఒలింపిక్స్ క్రీడాకారులు గాలి ఎలా ఉన్నా ఒకే తెరచాపతో పోటీ చేస్తారని చదివాను. వాళ్లకు ఒకటి సరిపోయినప్పుడు మనకెందుకు మూడు నాలుగు?

జవాబు: మీరు చదివింది నిజమే. 1996 నుంచి 2004 దాకా ఒలింపిక్స్‌లో వాడిన మిస్ట్రల్ వన్ డిజైన్ బోర్డుకు స్త్రీలకూ పురుషులకూ ఒకే 7.4 తెరచాప ఉండేది. 2008 బీజింగ్ నుంచి టోక్యో క్రీడల దాకా వాడిన ఆర్‌ఎస్:ఎక్స్‌లో పురుషులకు 9.5, స్త్రీలకు 8.5. గాలి ఐదారు నాట్‌లున్నా, ఇరవై దాటినా అదే తెరచాప.

అది సుఖం కోసం చేసిన ఏర్పాటు కాదు, పోటీలో సామగ్రి తేడా లేకుండా ఉండడం కోసం చేసినది. తక్కువ గాలిలో వాళ్లు పందెం పొడవునా తెరచాపను ఊపుతూ తామే గాలిని పుట్టించేవారు. ఆ పనికి పడవ నడిపేవాడి ఒడుపుతో పాటు పరుగుపందెం వీరుడి గుండె కావలసి వచ్చేది. ఆ బోర్డులకు మధ్యలో కిందికి దిగే పలక, అంటే డాగర్‌బోర్డు, ఉండేది కాబట్టి ప్లేనింగ్ లేకపోయినా గాలికి ఎదురు ఏటవాలుగా చురుగ్గా వెళ్లగలిగేవారు. గట్టిగాలిలో ఆ పెద్ద తెరచాపను అదుపు చేయడం ఎంత కష్టమో, ఆ పందాలను గట్టిగాలి రోజున చూసినవారికి తెలుసు. వాళ్ల తరగతి అలాంటిది గనుక అలా చేస్తారు. తెరచాప మార్చుకునే వీలున్న స్లాలమ్ పందాల్లో (గుర్తుల చుట్టూ తిరిగే వేగపు పందాల్లో) అదే స్థాయి క్రీడాకారులు గాలిని బట్టి కొలత మారుస్తూనే ఉంటారు.

అయినా మీ ప్రశ్నలో ఒక మంచి సూచన ఉంది. ఒకే తెరచాపతో ఎక్కువ గాలులు ఎదుర్కొన్నవారికి బిగింపు, నిలబడే తీరు, గాలిని వదిలే ఒడుపు త్వరగా వస్తాయి. గాలి రెండు నాట్‌లు మారినప్పుడల్లా ఒడ్డుకు వచ్చి తెరచాప మార్చుకునేవారికి అవి రావు.

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు, 28 కిలోలు. నేర్చుకోవడానికి ఏ కొలత?

జవాబు: 1.5 నుంచి 2.5 మధ్య, పిల్లల కోసమే తయారైన తేలికపాటి సామగ్రి. పైన చెప్పిన 1.4 లెక్క ప్లేనింగ్ కోసం గనుక ఇక్కడ వాడకూడదు. దాని ప్రకారం పది నాట్‌లకు 3.9 వస్తుంది, దాన్ని నీటిలోంచి లేపడమే వాడి వల్ల కాదు. నేర్చుకునే పిల్లవాడికి వైశాల్యం కంటే మాస్టు, బూముల బరువు ముఖ్యం. బూము సన్నగా ఉండి వాడి పిడికిలి దాని చుట్టూ పూర్తిగా మూసుకోవాలి. ఎదిగే పిల్లలకు ఒక సైజు పెద్ద చొక్కా కొన్నట్టు పెద్ద తెరచాప కొనవద్దు. ఏడాదిలో వాడు ఎదుగుతాడు గాని, ఆలోపే ఆటంటే విసుగు పుడుతుంది.

ప్రశ్న: మామూలు ఫిన్ను బోర్డు నుంచి ఫాయిల్ బోర్డుకు మారుతున్నాను. నా బరువు 75 కిలోలే. ఉన్న 5.0, 6.2, 7.8 తెరచాపలు అన్నీ ఉంచుకోవాలా?

జవాబు: 7.8ను వదులుకోవచ్చు. నీటి అడుగున ఉన్న రెక్క బోర్డును పూర్తిగా పైకి లేపాక నీటి నిరోధం చాలావరకు పోతుంది. ఫిన్నుతో 8.5 అడిగే 12 నాట్‌ల గాలిలో, లేపే ఒడుపు తెలిసినవారికి 5.5 నుంచి 6.0 సరిపోతుంది. గాలి తగ్గినకొద్దీ రెక్కను పెద్దది చేయడం తెరచాపను పెద్దది చేయడం కంటే మేలు. మీకు 6.2, 5.0 రెండూ చాలాకాలం పనికివస్తాయి. గట్టిగాలిలో ఫాయిల్‌తో వెళ్లదలచుకుంటే తరువాత 4.0 ఒకటి చేర్చుకోండి. 2024 పారిస్ క్రీడల్లో ఒలింపిక్ విండ్‌సర్ఫింగ్ కూడా ఐక్యూఫాయిల్ పేరుతో ఫాయిల్‌కు మారింది. అక్కడి పెద్ద తెరచాపలు చూసి మీ లెక్క మార్చుకోనక్కర్లేదు; వాళ్లు వెతికేది వేగం.

ప్రశ్న: ఒడ్డుకు వెళ్లాక 5.0 బిగించాలా, 6.0 బిగించాలా తేల్చుకోలేక అరగంట పోతుంది. గాలి కొలిచే పరికరం లేదు. చూసి చెప్పే పద్ధతి ఏమైనా ఉందా?

జవాబు: నీటినే చూడండి. బ్యూఫోర్ట్ కొలమానం నావికులు వాడేది. దాని ప్రకారం 7 నుంచి 10 నాట్‌ల గాలికి అక్కడక్కడ తెల్లటి నురగ కనిపిస్తుంది, 11 నుంచి 16కు నురగ తరచుగా కనిపిస్తుంది, 17 నుంచి 21కి నీరంతా తెల్లటి తలలతో నిండి కొద్దిగా తుంపర లేస్తుంది. ఇవి విశాలమైన సముద్రానికి చెప్పిన గుర్తులు. చిన్న చెరువులో, లేదా గాలి ఒడ్డు మీద నుంచి నీటి వైపు వీచేచోట, అంతే గాలికి నురగ తక్కువ కనిపించి మిమ్మల్ని మోసం చేస్తుంది. అక్కడ తీరం దగ్గరి నీటిని కాక దూరంగా ఉన్న నీటిని చూడాలి.

తరువాత నీటి మీద ఉన్నవారిలో మీ బరువుకు దగ్గరగా ఉన్న ఒకరిని ఎంచుకుని ఐదు నిమిషాలు గమనించండి. అతను ఏ కొలత వాడుతున్నాడో అడగడం కంటే, ఎలా వెళుతున్నాడో చూడడం మేలు. గాలి విసిరినప్పుడు మాత్రమే ప్లేనింగ్ చేసి మళ్లీ కుంగిపోతుంటే అతని తెరచాప చిన్నది. ఎప్పుడూ తెరచాపను తెరిచి గాలిని వదులుతూ వెళుతుంటే పెద్దది. వాతావరణ సూచనలో సగటు 16, విసురు 25 అని ఉంటే, సగటుకు కొంచెం పైన, అంటే 18 దగ్గర లెక్క వేసుకోండి; విసురుకు లెక్క వేస్తే ఎక్కువసేపు నిలబడిపోతారు.

అప్పటికీ తేలకపోతే గాలి దిక్కును బట్టి నిర్ణయించండి. గాలి నీటి వైపు నుంచి ఏటవాలుగా ఒడ్డుకు వీస్తూ, మధ్యాహ్నానికి తగ్గేటట్టుంటే 6.0 బిగించవచ్చు; ఎక్కువైనా ఒడ్డుకే కొట్టుకొస్తారు. గాలి ఒడ్డు నుంచి నీటి వైపు వీస్తుంటే ఏ కొలతతోనూ దూరం పోవద్దు. పెరుగుతున్న గాలిలో 5.0 బిగించండి. బిగించిన తరువాత మొదటి రెండు పరుగులు ఒడ్డుకు దగ్గరగానే తీసి, హార్నెస్సు తాళ్లు తగిలించి రెండు చేతులనూ ఒక క్షణం సడలించి చూడండి. రెండు చేతుల మీదా లాగుడు సమానంగా ఉంటే కొలత సరిపోయింది. వెనక చేయి ఒక్కటే లాగుతుంటే డౌన్‌హాల్ ఒక సెంటీమీటరు బిగించి మళ్లీ వెళ్లండి. అయినా లాగుతుంటే, 6.0 దించి 5.0 ఎక్కించండి.